నల్లపుంజు మెడ ఈక

మొన్న మందమర్రి అంగడిలో ఎవరో పుంజును కాళ్లు కట్టి తలకిందులుగా పట్టుకుపోతుంటే, నాకు తెలియకుండానే నా చెయ్యి దాని మెడ మీదికి పోయింది. ఈకలు విడదీసి, ఎండకు పట్టి చూశాను. ఆ మనిషి బిత్తరపోయి "అమ్మతలేనక్కా, ఇంటికి తీస్కపోతున్న" అన్నాడు. "కొంటలేను తమ్మీ, జర చూస్తున్న" అన్నాను. పుంజు కనపడితే మెడ ఈకలు చూడటం మా ఇంట్లో ఒక జబ్బు. దాన్ని మాకు అంటించిన మనిషి పోయిన ఎండాకాలం చనిపోయాడు. ఆయనను నేను కాకా అని పిలిచేదాన్ని. రక్తసంబంధం ఏమీ లేదు. మా నాన్నకు, అంటే మా బాపుకు, ఆయన జోడీ.

మా బొగ్గు ఊళ్లలో గనిని బాయి అంటారు. బాయిలోకి దిగినవాళ్లు ఇద్దరిద్దరుగా పని చేస్తారు. ఆ రెండోవాడే జోడీ. "పెండ్లాం మీద కోపమొస్తే అటు మర్లి పండుకోవచ్చు బిడ్డా. జోడీ మీద కోపమొస్తే బాయి కప్పు ఇద్దరి మీద పడ్తది" అనేవాడు కాకా. మా దిక్కు అమ్మను అవ్వ అంటాము. ఈ మాట మా అవ్వ ముందు అంటే మూతి ముడిచేది. పెండ్లాం కంటే జోడీయే ఎక్కువ అన్నట్టు వినపడేది ఆమెకు.

కాకాను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది చప్పుడు. బాయిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో కర్రతో కొట్టి, చెవితో తెలుసుకుంటారు. రిటైరయినా ఆ అలవాటు ఆయనను విడిచిపెట్టలేదు. మా ఇంటికొస్తే తలుపు కొట్టడు, గోడ కొడతాడు. కొట్టి, చెవి ఆనించి, ఆ తర్వాతే లోపల అడుగు పెడతాడు. గుమ్మడికాయనూ కొడతాడు, నా కుట్టుమిషను బల్లనూ కొడతాడు. ఒకసారి నేను జ్వరంతో పడుకుంటే వచ్చి, వీపు మీద వేలితో తట్టి, "బోలుగ లేదు, బతుకుతవ్ తీ" అన్నాడు. ఇట్లాంటి మనిషితో నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

అసలు పిచ్చి మాత్రం గాలాలది. కాలనీ మూల మీద నాకు చిన్న టైలరింగ్ దుకాణం ఉంది. దాని గడపలో కూర్చుని కట్టేవాడు. అందరిలాగా వానపామును గుచ్చే గాలం కాదు ఆయనది. గాలపు ముల్లు చుట్టూ ఈకలు, వెంట్రుకలు పెట్టి, దారంతో చుట్టి, నీళ్ల మీద వాలిన పురుగులాగా తయారు చేస్తాడు. దాన్ని ఆయన పురుగనే అనేవాడు. "పురుగు కడుతున్న" అన్నాడంటే ఇక ఎవరూ పలకరించకూడదు. వెనకటికి ఉట్నూరు అడవులకు వేటకొచ్చిన ఒక దొర దగ్గర వాళ్ల బాపు నేర్చుకున్నాడట, ఆయన దగ్గర ఈయన నేర్చుకున్నాడు. నీళ్ల మీద ఆ పురుగును ఆడిస్తే కొర్రమట్ట చేప అడుగు నుంచి లేచొచ్చి మింగేది.

ఆ కట్టుడుకు మడి ఆచారం చాలా ఉండేది. పుంజు మెడ ఈక కావాలి, మేకపోతు గడ్డం వెంట్రుక కావాలి, తేనెమైనం రాసిన పట్టుదారం కావాలి. కోసిన కోడి ఈక పనికిరాదు. బతికున్న పుంజును ఒళ్లో పెట్టుకుని, "ఏమనుకోకు నాయినా" అని దానికి చెప్పి మరీ పీకాలనేవాడు. నాకు ఒళ్లు మండేది. దుకాణంలో రంగురంగుల నైలాన్ దారాలుంటే ఈ తిప్పలెందుకు?

"గీ నైలాన్ తీస్కో కాకా. తెగదు, రంగు పోదు" అన్నాను ఒకసారి.

"వద్దు బిడ్డా. పాణమున్నదాని నుంచి తీసిందే పాణమున్నదాన్ని పిలుస్తది."

"మరి పాణం లేనిది పెడితే చేప రాదా?"

చుడుతున్న చెయ్యి ఆగిపోయింది. "అది గూడ పిలుస్తది. ఎవలను పిలుస్తదో, అదే ఫికర్" అన్నాడు. మళ్లీ దారం చుట్టడం మొదలుపెట్టాడు. నేను మిషను తొక్కుతూ కూర్చున్నాను.

కాకా గాలం వేసే చోటు గురించి చెప్పాలి. నేను పలక పట్టుకుని బడికిపోయే వయసులో, బాపు పనిచేసే బాయిలోకి ఒక్కసారిగా నీళ్లు వచ్చాయి. కొందరు బయటపడ్డారు, వాళ్లలో కాకా ఒకడు. బాపు బయటపడలేదు, శవమూ దొరకలేదు. నీళ్లు తోడి తోడి, ఇక లాభం లేదని ఆ బాయిని అట్లాగే మూసేశారు. కొన్నేళ్లకు పైన నేల కుంగింది. వాననీళ్లు నిండి పెద్ద మడుగైంది. ఎవరు వదిలారో తెలియదు గాని అందులో చేపలు కూడా పుట్టాయి. ఆ మడుగు చేపలను మా కాలనీలో ఎవరూ తినరు. పిల్లి కూడా అటు పోదు. కాకా మాత్రం రోజూ మొదటి షిఫ్టుకు పోయినట్టు పొద్దున్నే పోయి, షిఫ్టు విడిచే వేళకు వచ్చేవాడు. చేపను పట్టి, నోట్లోంచి ముల్లు తీసి, మళ్లీ నీళ్లలోకే వదిలేవాడు.

"పట్టుడెందుకు, ఇడ్సుడెందుకు?" అని నేను తిట్టేదాన్ని.

"జోడీ కింద ఉన్నప్పుడు పైన ఒకడు ఉండాలె గదా బిడ్డా" అనేవాడు.

ఇక మా అవ్వ సంగతి. ఆమె బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. "చూసిన కన్ను లేదు, కాలిన కట్టె లేదు. నేనెందుకు తీస్త?" అనేది. బతుకమ్మ నాడు పసుపు పంచేటప్పుడు అవ్వ దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్ల చేతులు తడబడేవి. కొందరు ఇచ్చేవారు, కొందరు చూడనట్టు పక్కకు పోయేవారు. అవ్వ తల వంచుకునేది కాదు. ఇంటి వెనక నల్లపుంజులను పెంచేది. మెడ మీద నల్లటి ఈకకు బంగారు అంచు ఉండే జాతి. ఆ ఈకలన్నీ కాకాకే. తనే పీకి, కాగితంలో చుట్టి, నా దుకాణానికి పంపేది. అది ఆమె దయ అని నేను చాలా కాలం అనుకున్నాను.

కాదని ఒక బుట్ట దగ్గర తెలిసింది. బాయిలో మందు పేల్చడానికి సన్నటి తీగలు వాడతారు. ఎరుపు, పసుపు ప్లాస్టిక్ తొడిగిన తీగలు. మిగిలినవి ఇంటికి తెచ్చి మా ఊళ్లలో బుట్టలు అల్లేవారు. బాపు అల్లిన బుట్ట ఒకటి మా ఇంట్లో ఉంది. బాపుది పుర్రచెయ్యి. కాలనీలో అన్ని బుట్టల అంచు చుట్టు కుడికి పోతే, మా బుట్టది ఎడమకు పోతుంది. దారంతో బతికేదాన్ని, నాకు చూడగానే తెలుస్తుంది. ఒకనాడు కాకా ఆ బుట్ట అంచును వేలితో రాస్తూ, "వదినె, గీ తీగె జరంత ఇయ్యరాదు" అన్నాడు.

అవ్వ చేతిలోని చేట కింద పెట్టింది. "ముట్టుకున్నవంటే మంచిగుండది మరిదీ" అంది.

"ఒక్కపారి గీ తీగెతోని కట్టి చూస్త వదినె. వాని గుర్తు ఒక్కటి తెస్త. నీకూ తెలుస్తది గదా."

"నాకేం తెల్వనక్కర లేదు. ఈకలు తక్కువైనయా? నేనిస్తలేనా? ఈకతోనే కట్టు."

అప్పుడు నాకు అర్థమైంది. ఈకతో కట్టినంత కాలం మడుగులోంచి చేపలే వస్తాయి. చేపలే వచ్చినంత కాలం ఆమె నుదుట బొట్టు ఉంటుంది. పుంజులను మా అవ్వ అందుకు పెంచుతోంది.

ఇదంతా మూఢనమ్మకమని నేను ఇద్దరినీ కలిపి దులిపేశాను. అయితే ఆ ఏడే ఇంకొకటి జరిగింది. కాలనీ పిల్లలు కొందరు, పిల్లలంటే మీసాలొచ్చినవాళ్లే, ఆన్‌లైన్లో రబ్బరు కప్పలు తెప్పించారు. లోపల ముల్లు, బయట మెరిసే కుచ్చు. చెరువుల్లో వాటికి చేపలు బాగానే పడ్డాయి. ఆ హుషారులో మడుగుకు పోయారు. కాకా వద్దన్నాడు, వాళ్లు వినలేదు. కప్ప మునిగిపోయిందట. లాగితే బరువుగా, కొట్టుకోకుండా వచ్చిందట. చూస్తే బాయిలో తొడిగే రబ్బరు బూటు. బూటంటే ఏముంది, మా ఊళ్లో పాత బూట్లకు కరువా, ఎవరో పారేసి ఉంటారు. కాని దాన్ని వంచితే కారిన నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయని చెప్పిన కుర్రవాడు నా దుకాణంలో నిలబడి వణకడం నేను కళ్లారా చూశాను. గాలాలన్నీ అక్కడే వదిలేసి వచ్చారు. కాకా ఆ బూటును తిరిగి నీళ్లలోనే పెట్టాడట. "అది నా జోడీది కాదు" అన్నాడట.

తర్వాత ఊళ్లో కోళ్లకు కొక్కెర రోగం వచ్చింది. మా పుంజులు మెడలు వాల్చి, ఒకదాని వెనక ఒకటి పోయాయి. సున్నం చల్లి ఇంటి వెనక పూడ్చిపెట్టాము. అదే వానాకాలం అవ్వ మంచాన పడింది. లేస్తుందన్న ఆశ నాకు లేదు. లేచింది గాని, లేచిన అవ్వ మునుపటి అవ్వ కాదు. ఒక పొద్దున నేను దుకాణానికి పోబోతుంటే పిలిచి కూర్చోబెట్టింది.

"నేను పోతే నాకు ఏ చీర కప్పుతవ్?"

"పొద్దుగాల్నే గవేం మాటలే."

"ముత్తైదువ చీరనా, ముండమోసినదాని చీరనా? నీకెర్కేనా? నాకే ఎర్క లేదు. గిట్ల ఎటూకాకుండ పోవుడు నాతోని కాదు బిడ్డా" అంది. తల్లి నోట ఆ మాట వినడం కంటే చావు నయం.

అవ్వ బుట్టను ఒళ్లోకి తీసుకుని, అంచు తీగను తనే విప్పింది. విప్పిన తీగను నా చేతికిచ్చి కాకాకు ఇమ్మంది.

కాకా నా గడపలో కూర్చుని కట్టాడు. ఈక లేదు, వెంట్రుక లేదు, మైనం లేదు. ఎర్ర తీగ, పసుపు తీగ, అంతే. అంత అందమైన పురుగును ఆయన ఎప్పుడూ కట్టలేదు. ఎప్పటిలాగే కుడిచేత్తో, కుడికి చుట్టాడు. నేను పక్కన జాకెట్టుకు కాజాలు కుడుతూ ప్రతి చుట్టూ చూశాను. ఈ మాట ఎవరు అడిగినా ఒట్టేసి చెప్తాను.

మిట్టమధ్యాహ్నం మడుగు దగ్గరికి పోయాము. నేనెందుకు పోయానో నాకే తెలియదు, ముసలాయన ఒక్కడు ఎందుకని అనుకున్నాను. గాలి లేదు. పక్షి కూత కూడా లేదు. ఈక పురుగైతే నీళ్ల మీద ఆడేది. ఈ తీగ పురుగు పడీ పడగానే మునిగింది. దారం దిగుతూనే ఉంది, మడుగుకు అంత లోతు ఎక్కడిదో. దిగి దిగి ఆగింది. కాకా గాలపు కర్రను గోటితో, బాయిలో కప్పును తట్టినట్టు మెల్లగా తట్టాడు. తట్టి, కర్రకు చెవి ఆనించాడు. ఆయన ముఖం చూసి నేను అటు తిరిగి నిలబడ్డాను. నాకు భయమేసింది, దాచుకునేదేముంది.

దారం పైకి లాగి, కాకా తీగ పురుగును అరచేతిలో పెట్టుకుని చూశాడు. "బిడ్డా, నీ కండ్లు మంచియి. గిది ఎట్ల సుట్టి ఉన్నది?" అన్నాడు.

ఎడమకు చుట్టి ఉంది. అదే తీగ, అదే ముల్లు. మొదటి చుట్టు నుంచి చివరి ముడి దాకా పుర్రచేతి చుట్టు. మా బుట్ట అంచు ఎట్లా ఉండేదో అట్లా.

"నీ ముంగటనే గదా కట్టిన" అన్నాడు కాకా.

"నా ముంగటనే కట్టినవ్" అన్నాను.

ఇంటికి తెచ్చి అవ్వ చేతిలో పెట్టాము. అవ్వ కళ్లు మూసుకుని చుట్టు వెంబడి వేలు తిప్పింది. లేచి పెరట్లోకి పోయింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె నుదురు, చేతులు బోసిగా ఉన్నాయి. కాలనీ ఆడవాళ్లు వచ్చి చేయాల్సిన తంతు ఏదీ చేయనివ్వలేదు. బాసరకు పోయి గోదావరి ఒడ్డున బాపుకు పిండం పెట్టించాము. అక్కడ కూడా ఆమె ఏడవలేదు. వచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఇన్నేళ్లలో ఆమె అంత నిమ్మళంగా నిద్రపోవడం నేను చూడలేదు.

దాంతో అంతా అయిపోయిందనుకున్నాను. కాకా కూడా "ఇగ పురుగుతోని నాకు పని లేదు" అని తేనెమైనం ముద్ద, పట్టుదారం నా దుకాణంలోనే వదిలేశాడు. కాని మడుగుకు పోవడం మానలేదు. ఒట్టి చేతులతో పోయి, ఒడ్డున కూర్చుని, కర్రతో నేలను తట్టి, వంగి వినేవాడట. ఒకరోజు జోరు ఎండలో వచ్చి నా గడపలో కూలబడ్డాడు. నీళ్లిచ్చాను.

"జోడీ తడుతుండు బిడ్డా" అన్నాడు.

"ఎండకు చెవులు గుయ్యిమంటున్నయి, ఇంట్ల పడుకో కాకా."

"నేను తడితె తడుతుండు. ఆపితె ఆపుతుండు." నీళ్లు తాగి, లోటా కింద పెట్టి, నవ్వాడు. "కోపమైతే లేదు" అన్నాడు.

కొద్ది రోజులకు, మొదటి షిఫ్టు విడిచే వేళకు, గొర్లు కాసే ఆయన వచ్చి చెప్పాడు. కాకా మడుగు ఒడ్డున మొద్దుకు ఆనుకుని కూర్చునే పోయాడు. కర్ర మోకాళ్ల మీద ఉంది, తల ఒకవైపుకు వంగి ఉంది. డాక్టరు గుండె ఆగిందన్నాడు. ఆ వయసుకు ఆగడంలో వింతేముంది. దుబాయ్ నుంచి కొడుకు వచ్చేదాకా ఐసుపెట్టెలో పెట్టారు. అంతకుముందు మగవాళ్లు తీసిన చొక్కాను, నేను కుట్టిందే కదా అని, నా చేతికిచ్చారు. కాలరు తడుముతుంటే వేలికి ఏదో గుచ్చుకుంది.

కాలరు మడత కింద ఒక పురుగు ఉంది. ముల్లు బట్టలో దిగి ఉంది. నల్లటి ఈక, బంగారు అంచు. మా పుంజులది, ఎప్పుడో సున్నం చల్లి పూడ్చిపెట్టినవాటిది. చొక్కా ఎండకు ఫెళఫెళలాడుతుంటే ఆ ఈక మాత్రం తడిసి ముద్దగా ఉంది. దారం చూశాను. ఎడమకు చుట్టి ఉంది.

కాకాయే ఎప్పుడో దాచుకున్న ఈకతో కట్టుకుని ఉంటాడని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. కాని కుడిచేతి మనిషి ఎడమకు ఎందుకు చుడతాడు? పాణమున్నదాని నుంచి తీసిందే పాణమున్నదాన్ని పిలుస్తదన్న ఆయన మాటే చెవుల్లో గింగిరాలు తిరిగింది. ఇది పైనుంచి కిందికి వేసిన గాలం కాదు. ఎవరి కంటా పడకుండా కొంగున దాచబోయాను గాని, అవ్వ నా వెనకనే నిలబడి ఉంది. చెయ్యి చాపింది. ఇవ్వక తప్పలేదు.

ఈకను సరిచేసి, చుట్టు వెంబడి వేలు తిప్పి, అవ్వ ఏడ్చింది. బాసరలో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. "జోడీనే పిల్సుకున్నడు. నేను యాదికి రాలే" అంది.

"ఏం మాటలే అవి? బాపుకు ఈకలు ఏడికెల్లి వస్తయి?" అని గద్దించాను. గద్దిస్తే భయం పోతుందని నా ఆశ.

"ఇన్నేండ్ల సంది మరిది గాలానికి ఎన్ని పురుగులు తెగి పడలే అండ్ల? గవన్ని ఏడికి పోయినయనుకున్నవ్?" అంది అవ్వ, ముక్కు తుడుచుకుంటూ.

కాకా దినాలు కాగానే అవ్వ తెల్లచీర కట్టుకుని ఒక్కతే అంగడికి పోయి, నల్ల కోడిపిల్లను తెచ్చింది. పుంజు పిల్లే కావాలని ఏరి తెచ్చింది. ఇప్పుడది ఎదిగింది, కూత పెడుతోంది. అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని, "ఏమనుకోకు నాయినా" అని మెడ ఈకలు పీకుతుంది. కాగితంలో చుట్టుకుని మడుగుకు పోయి నీళ్లలో వదిలి వస్తుంది. అరిచాను, ఏడ్చాను, ఒకసారి తలుపు గడియ పెట్టాను. "ఈకలు లేకుంటె ఆయన దేనితోని కడ్తడు?" అంది, చిన్నపిల్లకు చెప్పినట్టు. ఇప్పుడు నాకు చేతనయింది ఒక్కటే. ఆమె మడుగు నుంచి రాగానే గుమ్మంలో ఆపి, కొంగు అంచు, రవిక మెడ, కుచ్చెళ్లు, ప్రతి మడతా వేళ్లతో తడిమి చూస్తాను. అవ్వ చేతులు చాపి నిలబడి, కొలతలు తీయించుకున్నట్టు ఓపికగా తిరుగుతుంది. అంతా అయ్యాక నా ముఖంలోకి చూసి మెల్లగా అడుగుతుంది.

"దొరికిందా బిడ్డా?"